అందరికీ తెరిచిన లింక్, ఒక్కరి మీద అనుమానం

గుంటూరు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, కుదించి ఇస్తున్నాను.

"మాది మిర్చి ఎగుమతి వ్యాపారం. మామయ్య గారు యార్డులో కమీషన్ కొట్టుతో మొదలుపెట్టారు, మా వారు ఎగుమతుల్లోకి దిగారు. నేను బీకాం చదివాను. పెళ్లయిన రెండో ఏడాది నుంచి కాగితాల పని అంతా నాదే. ఇన్వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, ల్యాబ్ రిపోర్టులు, బ్యాంకు కాగితాలు, ఖర్చు, లాభం లెక్కలుండే కాస్టింగ్ షీట్, అన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్ తయారుచేసింది మా ఆడపడుచు భర్త, నేను అన్నయ్య గారు అని పిలుస్తాను. నాలుగేళ్లు మాతోనే పనిచేశారు. ఫోల్డర్ ఇప్పటికీ ఆయన సొంత జీమెయిల్ మీదే ఉంది. లింక్ ఉన్న ఎవరైనా తెరిచేలా పెట్టి, దాన్ని మా వాట్సాప్ గ్రూపులో వేశారు. గ్రూపులో 19 మందిమి. సంక్రాంతి అయ్యాక ఆయన విడిపోయి సొంతంగా ఎగుమతులు మొదలుపెట్టారు.

మార్చిలో మా సరుకు కొనే మలేషియా పార్టీ మా కాస్టింగ్ షీట్ స్క్రీన్‌షాట్ నాకే పంపి, 'క్వింటాలుకు ఇంత మిగులుతుంటే రేటు తగ్గించడానికి ఇబ్బంది ఏమిటి?' అని అడిగాడు. నా చేతులు చల్లబడిపోయాయి. అందులో ఉన్నవి ఫిబ్రవరి రెండో వారం రేట్లు. అన్నయ్య గారే పంపి ఉంటారని నా అనుమానం. మా వారు 'సీజన్‌లో గొడవలొద్దు, వదిలెయ్' అంటారు. అత్తయ్య అయితే, 'అల్లుడికి తాళం వేస్తే అమ్మాయి ముఖం ఎలా చూడను' అని ఏడుస్తారు. పార్టీలకు రేట్లు పంపేటప్పుడు నేను జాగ్రత్తగానే ఉంటాను. మిగతా పార్టీల షీట్లు తీసేసి, మార్జిన్ కాలమ్ దాచేసి, ఆ ఎక్సెల్‌నే బ్రోకరుకు వాట్సాప్ చేస్తాను. మా గుమాస్తా బాబాయి గారు 22 ఏళ్లుగా ఉన్నారు. ఆయన అన్నీ ఫార్వర్డ్ చేసేస్తుంటారు. కంప్యూటర్‌లో మా వారి సంతకం చేసే, పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ టోకెన్ కూడా ఆయన సొరుగులోనే ఉంటుంది. పోలీసు కంప్లయింట్ ఇవ్వనా? ఊరుకోనా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ టెన్షన్ అర్థమవుతోంది. మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, ఒక్కొక్కటీ చూసి కొని, తొడిమలు తీయించి, తరుగు పోగా నాలుగు రూపాయలు మిగుల్చుకునే వ్యాపారంలో ఆ మిగిలేది ఎంతో అవతలివాడికి తెలిసిపోతే బేరం అక్కడే అయిపోయినట్టు. మీరు చిన్న విషయానికి బెంగపడటం లేదు.

కానీ ముందు ఒక మాట చెప్పాలి. మీకు కొంచెం కష్టంగా ఉండొచ్చు. మీ జాగ్రత్తకు రుజువుగా మీరు రాసిన వాక్యం ఉంది చూశారా, మార్జిన్ కాలమ్ దాచేసి ఎక్సెల్ పంపుతాను అని, నేను అక్కడే ఆగిపోయాను. ఎక్సెల్‌లో కాలమ్ దాచడం అంటే బీరువాకు తెర వేయడం లాంటిదే. మీరు పంపిన ఫైల్‌ను అవతలివాళ్లు తెరిస్తే పైన అక్షరాల వరుసలో జీ పక్కన నేరుగా ఐ కనిపిస్తుంది. మధ్యలో హెచ్ ఉండదు. లెక్కలు చూసే అలవాటున్న బ్రోకరు కన్ను ముందు ఆ ఖాళీ మీదే పడుతుంది. జీ నుంచి ఐ దాకా ఎంచుకుని, మౌస్ కుడి బటన్ నొక్కి, అన్‌హైడ్ అంటే చాలు, మీ మార్జిన్ బయటికొస్తుంది. అది దొంగతనం కూడా కాదు, మీరు పంపిన ఫైలే. షీట్‌కు 'ప్రొటెక్ట్ షీట్' అని పాస్‌వర్డ్ పెట్టినా పెద్ద తేడా ఉండదు. అది పొరపాటున ఎవరూ అంకెలు మార్చకుండా ఆపడానికి పెట్టింది, రహస్యం దాచడానికి కాదు.

అంటే ఆ షీట్ బయటికి వెళ్లడానికి కనీసం మూడు దారులున్నాయి. ఒకటి అన్నయ్య గారు. రెండోది లింక్. 19 మందిలో ఎవరైనా, లేదా వాళ్లు ఆ లింక్‌ను ఫార్వర్డ్ చేసిన ఎవరైనా. అలాంటి లింక్‌తో తెరిచేవాళ్లకు జీమెయిల్ లాగిన్ కూడా అక్కర్లేదు. చూసింది ఎవరో ఎక్కడా పేరు పడదు. మూడోది మీ చేతి నుంచి వెళ్లిన ఎక్సెల్. ఫిబ్రవరి రెండో వారం రేట్లు అన్నారు. అన్నయ్య గారు అప్పటికే బయటికి వెళ్లిపోయారు, కానీ ఫోల్డర్ ఆయనదే కాబట్టి చూసి ఉండొచ్చు. అదే వారంలో మీరు బ్రోకరుకు రేట్లు పంపి ఉండొచ్చు కూడా. ఇవాళ మీ దగ్గరున్న ఆధారం మూడు దారుల మీదా సమానంగానే ఉంది. ఆయన తప్పు చేయలేదని నేను అనడం లేదు. చేశాడని మీరు అనలేరు, అంతే. లింక్ అందరికీ తెరిచి ఉంచడం వల్ల జరిగిన పెద్ద నష్టం ఇదే. షీట్ పోయింది సరే, ఎవరి మీద అనుమానపడాలో తెలియక ఇంట్లో మనిషి మీద పడ్డారు.

ఇక ఫోల్డర్ సంగతి. అసలు చిక్కు దీనిలోనే ఉంది. డ్రైవ్‌లో ఫైల్ ఎవరి జీమెయిల్‌తో తయారైతే వాళ్లే దానికి ఓనర్. మీకు ఎడిటర్ హక్కు, అంటే మార్పులు చేసే హక్కు ఉంటే, 'ఎనీవన్ విత్ ద లింక్' అన్నదాన్ని 'రెస్ట్రిక్టెడ్', అంటే పేరు ఇచ్చినవాళ్లకే తెరుచుకునేలా చేయగలరు, మిగతావాళ్ల పేర్లు తీసేయగలరు. ఓనర్‌ను మాత్రం తీసేయలేరు. పైగా ఆయన ఏ కారణంతోనైనా తన పేరు మీదున్న ఫైల్స్ డిలీట్ చేస్తే వాటిలోని మీ ఇన్వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు మీకూ పోతాయి. ఆయన చెడ్డవారు కానక్కర్లేదు. జీమెయిల్ నిండిపోయిందని ఒక ఆదివారం శుభ్రం చేసుకున్నా అదే జరుగుతుంది. కాబట్టి లీకు సంగతి పక్కన పెట్టినా ఈ ఒక్క కారణంతో ఫోల్డర్ మీ చేతికి రావాలి.

దీనికి మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, ఆయన్నే అడిగి ఓనర్‌షిప్ మార్పించుకోవడం. ఆయన తన వైపు నుంచి పంపాలి, మీరు ఒప్పుకోవాలి. ఫోల్డర్ ఓనర్‌షిప్ మారినంత మాత్రాన లోపలి ఫైల్స్ మారవు, వాటిని విడిగా మార్చాలి. ఏళ్ల నాటి కాగితాలకు ఇది ఓపిక ఉన్న పని, పైగా ఆయన సహకారం కావాలి. లాభం ఏమిటంటే పాత మార్పుల చరిత్ర అంతా ఫైల్‌తో పాటు మీకు వస్తుంది. రెండోది, మీ వ్యాపారం పేరు మీద కొత్త అకౌంట్ తెరిచి, అన్నింటినీ డౌన్‌లోడ్ చేసి అందులో పెట్టుకోవడం. ఎవరినీ అడగనక్కర్లేదు, ఒక్క పూటలో అవుతుంది. కానీ పాత ఫోల్డర్ ఆయన దగ్గరే ఉండిపోతుంది, పాత చరిత్ర మీకు రాదు. చెప్పకుండా చేస్తే ఒకరోజు ఆయన ఫోల్డర్‌లో కొత్త ఫైల్స్ రావడం ఆగిపోయిందని గమనిస్తారు. మీ అత్తయ్య భయపడేది అప్పుడే నిజమవుతుంది. నన్నడిగితే, డౌన్‌లోడ్ మాత్రం ఇవాళ రాత్రే చేసుకోండి. మీ ఇంటి కాగితాలు మీరు దాచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లింక్‌ను రెస్ట్రిక్టెడ్ చేయడం యార్డుకు సెలవు ఉన్న రోజు పెట్టుకోండి. లేకపోతే కంటైనర్ లోడింగ్ దగ్గర కుర్రాడికి ప్యాకింగ్ లిస్టు తెరుచుకోక మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

చెప్పే పద్ధతి గురించి. ఈ మాట మీ నోటి నుంచి వెళ్లకూడదు. మీ వారు చెప్పాలి, మామయ్య గారు కూర్చున్నప్పుడు చెప్పాలి. "బావా, వ్యాపారాలు వేరయ్యాయి కదా, కాగితాలు కూడా వేరు చేసుకుందాం. మీకు కావలసినవి మీరు తీసుకోండి, మిగతావి మా అకౌంట్‌కు మార్చేద్దాం." ఇందులో అబద్ధం లేదు, నింద లేదు. ఆడిటర్ చెప్పాడనో బ్యాంకు అడిగిందనో సాకు పెట్టొద్దు. గుంటూరులో అందరికీ అందరూ తెలుసు, సాకు నాలుగు రోజుల్లో బయటపడుతుంది. స్క్రీన్‌షాట్ ఊసు ఆ రోజు ఎత్తకండి. అత్తయ్యకు కూడా ఒక విషయం నెమ్మదిగా చెప్పండి. రేపు మరో షీట్ బయటికి పోతే, ఫోల్డర్ అల్లుడి పేరు మీద ఉన్నంత కాలం మొదటి వేలు అల్లుడి వైపే చూపిస్తుంది. ఆ ఫోల్డర్ ఆయన చేతిలో లేకుండా చేయడం ఆయనకు కూడా మేలే. ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు రెండో దారి ఎలాగూ ఉంది. తెలిసి చేసినట్టు అవుతుంది, దొంగచాటుగా చేసినట్టు కాదు.

ఆయన మీ దగ్గర పనిచేసిన నాటివి ఇంకా ఏవి తెరిచి ఉన్నాయో కూడా చూసుకోవాలి. మీ ఆఫీసు వాట్సాప్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి లింక్డ్ డివైజెస్ తెరవండి. ఒక నంబరుకు ఫోన్ కాక నాలుగు పరికరాల దాకా కలుపుకోవచ్చు. ఎప్పుడో ఆయన ల్యాప్‌టాప్‌లో తెరిచిన వాట్సాప్ వెబ్ అక్కడే ఉండిపోయి ఉంటే మీ చాట్లు ఇప్పటికీ అక్కడ కనిపిస్తుంటాయి. ఆఫీసు మెయిల్‌కు రికవరీ ఫోన్ నంబరు ఎవరిదో చూడండి. చాలా ఇళ్లలో అది మొదట అకౌంట్ తెరిచిన మనిషిదే ఉంటుంది. మీరు ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా ఆ నంబరుకు వచ్చే ఓటీపీతో మళ్లీ తెరవొచ్చు. నంబరు మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి.

పోలీసు కంప్లయింట్ గురించి అడిగారు. సమాచార సాంకేతిక చట్టం, 2000లో సెక్షన్ 43 ఉంది. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారం కాపీ చేసుకుంటే నష్టపరిహారం కట్టాలి. అదే దురుద్దేశంతో, మోసంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. మీ చిక్కంతా 'అనుమతి లేకుండా' అన్న మాట దగ్గరే. లింక్ అందరికీ తెరిచే ఉంది, ఫోల్డర్ ఆయన పేరు మీదే ఉంది, గోప్యత గురించి ఒక్క కాగితం కూడా రాసుకోలేదు. వ్యాపార రహస్యాల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, ఒప్పందాల మీదే ఆధారపడాలి. ఇంత బలహీనమైన కేసుతో స్టేషన్‌కు వెళ్తే రేటు తిరిగి రాదు, ఆడపడుచు రాకపోకలు మాత్రం ఆగిపోతాయి. మీకు న్యాయం జరగాలనే నేనూ కోరుకుంటున్నాను. అయినా ఇప్పుడు ఆ దారి వద్దనే అంటాను. లాయరు దగ్గరికి వెళ్లాలనిపిస్తే ఇకముందు పనికొచ్చే కాగితం కోసం వెళ్లండి. పనిలో చేరేవాళ్లతో, పోటీ వ్యాపారం పెట్టను అని రాయించుకోమని చాలామంది సలహా ఇస్తారు. మానేశాక కూడా పెట్టకూడదంటే కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 27 ప్రకారం అది చెల్లదు. మీ కాస్టింగ్, పార్టీల వివరాలు, కాగితాలు బయటికి ఇవ్వను, వాడుకోను అని మాత్రం రాయించుకోవచ్చు. ఒక పేజీ చాలు.

ఇక రోజువారీ పని. అన్నింటినీ ఒకే ఫోల్డర్‌లో పెట్టడం మానేయండి. లోడింగ్ దగ్గరి కుర్రాడికి కావలసింది లాట్ నంబరు, బస్తాల లెక్క, తూకం, కంటైనర్ నంబరు. అతనికి మీ బ్యాంకు కాగితం ఎందుకు? పార్టీకి కావలసింది కొటేషన్, ల్యాబ్ రిపోర్టు, షిప్పింగ్ కాగితాలు. కాస్టింగ్ షీట్, పార్టీల జాబితా మాత్రం మీరు, మీ వారు, మామయ్య గారు, ముగ్గురికే. పేరు పేరునా మెయిల్ ఐడీతో ఇవ్వండి. మార్చాల్సిన పని లేనివాళ్లకు వ్యూయర్‌గానే ఇవ్వండి. వ్యూయర్లు డౌన్‌లోడ్, ప్రింట్ చేయకుండా ఆపే వీలు డ్రైవ్‌లోనే ఉంది. దాంతో అంతా అయిపోయిందనుకోకండి. ఇంకో ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసుకోవడాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. చూడకూడని మనిషికి అసలు ఇవ్వకపోవడం ఒక్కటే దానికి మందు.

కొటేషన్ ఎప్పుడూ కొత్త ఫైల్‌లో చేయండి. కాస్టింగ్ షీట్‌లోంచి తుది రేటు మాత్రం అందులో టైపు చేసి, పీడీఎఫ్‌గా మార్చి పంపండి. పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటివి వాట్సాప్‌లో పంపక తప్పకపోతే పాస్‌వర్డ్ పెట్టండి, పాస్‌వర్డ్ ఫోన్ చేసి చెప్పండి. అదే చాట్‌లో కింద టైపు చేస్తే తాళం, తాళంచెవి కలిపి ఇచ్చినట్టే. ఎక్సెల్‌లో ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్, ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్ అని ఉంటుంది. అది నిజమైన తాళం. మర్చిపోతే మీకూ తెరుచుకోదు, కాబట్టి ఒక డైరీలో రాసి బీరువాలో పెట్టుకోండి. పాస్‌వర్డ్ ఊహకు అందకూడదు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం పాస్‌వర్డ్‌గా వస్తాయని ఊరందరికీ తెలుసు. మీ ఫర్మ్ పేరు పక్కన 123 పెడితే అదీ అంతే. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో ముందు అడగండి.

ఒకటి నా కళ్లతో చూసింది చెబుతాను. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక జిరాక్స్ షాపులో మా అబ్బాయి సర్టిఫికెట్ ప్రింట్ తీయించడానికి నిలబడ్డాను. షాపు నంబరుకు వాట్సాప్ చేయమన్నారు. నా ఫైల్ కోసం ఆ అమ్మాయి డౌన్‌లోడ్స్ తెరిచింది. స్క్రీన్ మీద ఎవరిదో ఇంటి అమ్మకం దస్తావేజు, ఎవరివో ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఒక ఆసుపత్రి రిపోర్టు, ఒక పార్ట్‌నర్‌షిప్ డీడ్, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఎవరూ దురుద్దేశంతో దాచినవి కావు. తుడిచే తీరిక లేక ఉండిపోయాయి. నాది ప్రింట్ కాగానే అక్కడే నిలబడి డిలీట్ చేయించాను. ఇంటికొచ్చి ఆ వారమే చిన్న ప్రింటర్ కొన్నాను. మీ ఆఫీసులో ప్రింటర్ ఉండే ఉంటుంది. పాడైనప్పుడు కాగితాలు ఏ షాపుకు వెళ్తున్నాయో మాత్రం కనుక్కోండి.

బాబాయి గారి విషయంలో నాకు ఆయన మీద జాలి, మీ మీద కొంచెం కోపం కూడా వచ్చాయి. 22 ఏళ్లు నమ్మకంగా చేసిన మనిషికి ఫార్వర్డ్ చేయకూడదని ఎవరూ నేర్పలేదు, ఇప్పుడు ఆయన పేరు అనుమానితుల వరుసలోకి వచ్చింది. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని, ఆయన ఫోన్‌లోనే, ఆయనకు కావలసిన ఫోల్డర్ ఎలా తెరవాలో చూపించండి. నాలుగుసార్లు అడిగినా విసుక్కోకండి. ఫైల్ పంపే బదులు, ఫలానా వారికి ఇవ్వమని మీకు చెప్పడం అలవాటు చేయండి. ఓటీపీ ఆయన అడిగినా ఫోన్‌లో చెప్పే పద్ధతి మానండి. రేపు ఆయన గొంతుతో ఇంకెవరో అడగొచ్చు.

టోకెన్ మాత్రం ఇవాళే సొరుగులోంచి తీయండి. దాని మీద తెల్ల ప్లాస్టర్ అతికించి పిన్ నంబరు పెన్నుతో రాసి ఉందేమో కూడా చూడండి. నేను చూసిన ఆఫీసుల్లో సగం టోకెన్లు అలాగే ఉన్నాయి. డిజిటల్ సంతకానికి చట్టంలో చేతి సంతకానికి ఉన్న విలువే ఉంది. ఆ టోకెన్, పిన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మీ వారి తరఫున సంతకం పెట్టగలరు. బాబాయి గారికి కూడా అది మోయాల్సిన బరువు కాదు.

ఇంకొకటి, ఆలస్యం చేయకుండా చేయాల్సింది. మీ కాగితాలు ఎవరి దగ్గరున్నాయో తెలియదు కాబట్టి, మీ ఇన్వాయిస్‌ను అచ్చుగుద్దినట్టు తయారుచేసి 'మా బ్యాంకు అకౌంటు మారింది, ఇకమీదట ఇందులో వేయండి' అని మీ పార్టీలకు ఎవరైనా మెయిల్ పంపే ప్రమాదం ఉంది. ఎగుమతిదారులు ఇలా నష్టపోవడం కొత్తేమీ కాదు. పార్టీలందరికీ ఈ వారమే ఫోన్ చేసి, మా అకౌంటు మెయిల్ మీద మారదు, అలాంటిది వస్తే మాకు ఫోన్ చేసి గొంతు విని గానీ డబ్బు వేయకండి అని చెప్పండి. మీ డబ్బే మోసంలో పోతే మాత్రం ఇంట్లో సలహాలు అడుగుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంట ఆలస్యమైతే డబ్బు ఇంకో అకౌంటుకు జరిగిపోతుంది.

మలేషియా పార్టీకి ఏం చెప్పాలో మీరు అడగలేదు గానీ, అడిగినట్టే ఉంది. దబాయించకండి, ఆ షీట్ తప్పు అనకండి. అది ఫిబ్రవరి లెక్క, కాయ రేటు, తరుగు, కోల్డ్ స్టోరేజీ అద్దె, చెన్నై దాకా లారీ ఖర్చు అప్పటికీ ఇప్పటికీ ఒకటి కాదు, ఇవాళ్టి రేటు ఇది అని కొత్త కొటేషన్ పెట్టండి. కొంత తగ్గాల్సి రావచ్చు. ఈ ఒక్క సరుకుకు ఆ నష్టం భరించడం మీ వారితో మాట్లాడి నిర్ణయించుకోండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఆ స్క్రీన్‌షాట్ మరోసారి తెరవండి. కింది అంచు కత్తిరించకుండా ఉంటే అక్కడ షీట్ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. మిగతా పార్టీల పేర్లు కూడా ఉంటే అది డ్రైవ్‌లోంచి వెళ్లింది. ఒకే ఒక్క షీట్ ఉంటే అది మీరు మిగతావి తీసేసి బ్రోకరుకు పంపిన ఫైల్ అయ్యే అవకాశమే ఎక్కువ. డ్రైవ్‌లో పాత వెర్షన్లు ఇంకా ఉంటే చూసే వీలుంది, ఆ అంకెలు ఏ తేదీన ఉన్నాయో పోల్చండి. ఆ వారం వాట్సాప్‌లో మీరు ఎవరికి ఏం పంపారో కూడా చూడండి. ఏం కనిపించినా ముందు మీ వారికే చెప్పండి. ఒక్క షీట్ మాత్రమే కనిపిస్తే, అన్నయ్య గారి గురించి మీ వారితో అన్న మాట కూడా ఆ రాత్రే వెనక్కి తీసుకోండి. తర్వాత నాకు మళ్లీ రాయండి. ఎదురుచూస్తుంటాను.